ట్రైలర్‌తో డాలస్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కు: రోజుకు ఎంత దూరం, రాత్రికి ఎక్కడ మకాం?

డాలస్ నుంచి గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌కు (దక్షిణపు అంచుకు) సుమారు 1,060 మైళ్ళు, అంటే దాదాపు 1,700 కిలోమీటర్లు. కారులో ఇద్దరు మార్చుకుంటూ నడిపితే రెండు రోజుల్లో చేరిపోవచ్చు. వెనక 25 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (పడకలు, వంటగది ఉండి బండితో లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) తగిలించుకున్నాక అదే దారికి మూడు రోజులు పెట్టాలా, నాలుగు పెట్టాలా, వారం పెట్టాలా? దారిలో రాత్రిళ్ళు వాల్‌మార్ట్ పార్కింగ్‌లో ఉచితంగా పడుకోవాలా, ఇలాంటి ఇంటి బండ్లు నిలిపే ఆర్‌వీ పార్క్‌కు 60 డాలర్లు ఇవ్వాలా, స్టేట్ పార్క్‌లో దిగాలా? మొదటిసారి ట్రైలర్ కొన్నవాళ్ళూ అద్దెకు తీసుకున్నవాళ్ళూ ఈ రెండు ప్రశ్నల దగ్గరే ఎక్కువ తికమక పడతారు. చాలామంది ముందు మైళ్ళు పంచేసుకుని, ఆ తర్వాత ఎక్కడ రాత్రయితే అక్కడ చోటు వెతుక్కుంటారు. నా సలహా దీనికి తిరగేసి ఉంటుంది. ఆగే టైము ముందు ఖాయం చేసుకోండి, ఆ రాత్రికి ఏం కావాలో తేల్చుకోండి, మైళ్ళు వాటంతట అవే తేలతాయి.

ఆగే టైము మధ్యాహ్నం మూడు. మరీ తప్పకపోతే నాలుగు. ట్రైలర్‌ను సైట్‌లోకి రివర్స్ చేయడం, అటూ ఇటూ సమం చేయడం, కరెంటు, నీళ్ళు కలపడం అన్నీ వెలుగులో చేయాల్సిన పనులు. అలవాటైనవాళ్ళకు అరగంట పడుతుంది, కొత్తవాళ్ళకు గంట పైనే. వెళ్ళిన చోట సైట్ ఏటవాలుగా ఉన్నా, కరెంటు పోల్ పనిచేయకపోయినా, ఆఫీసు ఇంకా తెరిచే ఉంటుంది కాబట్టి వేరే సైట్ అడగొచ్చు. రాత్రి ఎనిమిదింటికి చేరితే ఏది దొరికితే అదే. అలసటతో, చీకట్లో, వెనక నిలబడి సైగలు చేస్తున్న భార్యాభర్తల మధ్య వచ్చే టెన్షన్ సంగతి ట్రైలర్ లాగిన ఏ ఇంటినైనా అడగండి.

గూగుల్ చెప్పే టైము, మనకు పట్టే టైము

300 మైళ్ళ దారిని మ్యాప్ నాలుగుంబావు, నాలుగున్నర గంటలని చూపిస్తుంది. టెక్సస్ హైవేల మీద కార్లు 75లో పోతాయి కాబట్టి ఆ లెక్క వాటికి సరిపోతుంది. ట్రైలర్‌తో 60 నుంచి 65 మధ్య ఉండాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. ట్రైలర్లకు వేసే ఎస్‌టీ టైర్లలో చాలావాటిని గంటకు 65 మైళ్ళ వేగాన్ని దృష్టిలో పెట్టుకునే తయారు చేశారు. కొత్త వాటిలో కొన్ని అంతకంటే ఎక్కువ వేగాన్ని తట్టుకుంటాయి. టైరు పక్కన ముద్రించిన స్పీడ్ అక్షరం చూస్తే మీది ఏదో తెలుస్తుంది. టైరు తట్టుకున్నా సరే, వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ ఊగడం మొదలైనప్పుడు దాన్ని అదుపులోకి తెచ్చే అవకాశం తగ్గుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. సగటున 62తో 300 మైళ్ళకు నాలుగు గంటల యాభై నిమిషాలు. రెండుసార్లు పెట్రోలు, ముప్పావు గంట. మధ్యాహ్నం భోజనం నలభై నిమిషాలు. పిల్లలకు, పెద్దలకు బాత్రూమ్ కోసం మరో అరగంట. మొత్తం ఆరు ముప్పావు. ఉదయం ఎనిమిదింబావుకు బయల్దేరితే మూడింటికి చేరతారు. ఏమీ తేడా రాకపోతేనే సుమా. ఒక్క చోట రోడ్డు పని తగిలినా నాలుగవుతుంది. అందుకే ట్రైలర్‌వాళ్ళు తరచూ చెప్పుకునే 3-3-3 నియమం, అంటే రోజుకు 300 మైళ్ళు మించకుండా, మూడింటిలోపు ఆగి, ఒక్కోచోట మూడు రాత్రులు ఉండటం, ఊరికే పుట్టింది కాదు. మూడు రాత్రుల మాట సెలవులు ఎక్కువ ఉన్నవాళ్ళకు. మొదటి రెండూ అందరికీ.

రెండుసార్లు పెట్రోలు ఎందుకంటే, ట్రైలర్ లాగేటప్పుడు మైలేజీ సగానికి దగ్గరగా పడిపోతుంది. గ్యాలన్‌కు 8 నుంచి 12 మైళ్ళు వస్తే మామూలే. 26 గ్యాలన్ల ట్యాంకున్న పికప్ ట్రక్కుకు గ్యాలన్‌కు 9 వస్తే నిండు ట్యాంకుతో 234 మైళ్ళు. చివరి చుక్క దాకా నడపం కాబట్టి 170, 180 దగ్గర ఆగాల్సిందే. ఎదురుగాలి ఉంటే ఇంకా ముందే. అమరిల్లో దాటాక బంకులు దూరదూరంగా ఉంటాయి, అక్కడ సగం ట్యాంకు రాగానే నింపుకోవడం మంచిది.

టెస్లా మోడల్ వై లాంటి కారుతో 3,500 పౌండ్లలోపు చిన్న ట్రైలర్ లాగేవాళ్ళకు లెక్క పూర్తిగా వేరు. రేంజ్ సగానికి దగ్గరగా తగ్గుతుంది. చాలా ఛార్జింగ్ స్టేషన్లలో ట్రైలర్ విప్పి పక్కన పెడితే గానీ కారు స్టాల్‌లోకి వెళ్ళదు. వాళ్ళు రోజుకు 200 మైళ్ళు మించి ప్లాన్ చేయకపోవడమే నయం.

మూడు ప్లాన్లు, మూడు రకాల ఇళ్ళు

మొదటిది మూడు రోజుల ప్లాన్. మొదటి రోజు యూఎస్ 287 మీద అమరిల్లో, 365 మైళ్ళు. రెండో రోజు ఐ-40 మీద ఆల్బకర్కీ, 290. మూడో రోజు ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా సౌత్ రిమ్, 405. కాగితం మీద బాగానే కనిపిస్తుంది. 365 మైళ్ళంటే మన లెక్కలో 580 కిలోమీటర్ల పైమాటే, హైదరాబాద్ నుంచి తిరుపతికి వెళ్ళినంత. పైగా 287 పూర్తిగా ఫ్రీవే కాదు, ఊళ్ళ మధ్య నుంచి వెళ్తుంది. ఊరొచ్చిన ప్రతిసారీ వేగం తగ్గించాలి, సిగ్నళ్ళ దగ్గర ఆగాలి. అంతకంటే పెద్ద సమస్య మూడో రోజు. అలసిపోయి ఉన్న రోజునే అన్నిటికంటే ఎక్కువ దూరం పడుతుంది, ఎత్తు కూడా ఆ రోజే ఎక్కాలి. ఐ-40 కాంటినెంటల్ డివైడ్ అనే పర్వత గట్టు దగ్గర 7,200 అడుగులు దాటుతుంది. టర్బో లేని ఇంజిన్‌కు ప్రతి వెయ్యి అడుగులకూ దాదాపు 3 శాతం శక్తి తగ్గుతుంది, అంటే అక్కడ మీ బండి బలం ఐదో వంతు పైగా పోయినట్టే. ఇద్దరు అనుభవమున్న డ్రైవర్లు, పిల్లలు లేని జంట, పెద్ద ట్రక్కు ఉంటే ఈ ప్లాన్ చేయొచ్చు. మిగతావాళ్ళకు నేను చెప్పను.

రెండోది నాలుగు రోజులది. ఎక్కువ కుటుంబాలకు ఇదే సరిపోతుందని నా నమ్మకం. డాలస్ నుంచి చిల్డ్రెస్ 250 మైళ్ళు, అక్కడి నుంచి న్యూమెక్సికోలోని శాంటా రోసా 290, అక్కడి నుంచి గ్యాలప్ 255, గ్యాలప్ నుంచి సౌత్ రిమ్ 265. మొదటి రోజు తక్కువ పెట్టడం కావాలనే. ఆ రోజు ఇంట్లో ఏదో ఒకటి మర్చిపోయి ఆలస్యంగానే బయల్దేరతారు. కొత్తగా బిగించిన చక్రాల నట్లను 50 నుంచి 100 మైళ్ళు వెళ్ళాక మళ్ళీ టార్క్ రెంచ్‌తో చూడాలి. హిచ్ (బండికి ట్రైలర్‌ను కలిపే కొక్కెం) సరిగ్గా కూర్చుందో లేదో, ట్రైలర్ ఊగుతోందో లేదో తెలిసేది ఆ రోజే. రెండో రోజు 290 పెద్దదిగా అనిపించినా, న్యూమెక్సికో సరిహద్దు దాటగానే గడియారం గంట వెనక్కి వెళ్తుంది కాబట్టి మూడింటికి చేరడం కష్టం కాదు. మూడో రోజు ఆల్బకర్కీకి తూర్పున దాదాపు 7,000 అడుగుల నుంచి 5,300కి దిగే వాలు ఉంది. కింది గేరులో దిగాలి, బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే వేడెక్కుతుంది. ఆ ఊరి ట్రాఫిక్‌ను సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు కాకుండా పదకొండు, పన్నెండు మధ్య దాటేలా ఈ ప్లాన్‌లోనే కుదురుతుంది.

మూడోది వారం పెట్టేవాళ్ళది. మొదటి రాత్రి విచిటా ఫాల్స్ దగ్గర లేక్ యారోహెడ్ స్టేట్ పార్క్, ఇంటి నుంచి దాదాపు 140 మైళ్ళే. తర్వాత అమరిల్లో దగ్గరి పాలో డ్యూరో కాన్యన్ స్టేట్ పార్క్‌లో రెండు రాత్రులు, ఆల్బకర్కీలో రెండు, హోల్‌బ్రుక్ లేదా విన్స్లో దగ్గర ఒకటి, ఆపై సౌత్ రిమ్. ఏ రోజూ 310 మైళ్ళు దాటదు, సగం రోజులు 230 లోపే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే నేను ఇదే ఎంచుకుంటాను. వాళ్ళకు గ్రాండ్ కాన్యన్ ఎంత ముఖ్యమో, ట్రైలర్ బయట కుర్చీ వేసుకుని మనవలతో రెండు పూటలు తీరిగ్గా కూర్చోవడం కూడా అంతే ముఖ్యం. రోజూ సామాను సర్దుకుని బయల్దేరే ట్రిప్‌లో వాళ్ళకు అది దక్కదు. ఒక్కరే డ్రైవింగ్ చేసే ఇంటికీ, కారు సీటులో ప్రతి రెండు గంటలకూ ఆపి దింపాల్సిన పసిబిడ్డ ఉన్న ఇంటికీ ఇదే నయం. ట్రైలర్‌లో పడుకోబెట్టి తీసుకెళ్దాం అన్న ఆలోచన మాత్రం వద్దు. కదిలే ట్రావెల్ ట్రైలర్‌లో మనుషులు ఉండటం చాలా రాష్ట్రాల్లో చట్టవిరుద్ధం, ఎక్కడైనా ప్రమాదమే.

శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరడం గురించి ఒక మాట. సాయంత్రం ఐదింటికి డాలస్ ట్రాఫిక్‌లో ట్రైలర్ లాగి, రాత్రి పదకొండుకు ఎక్కడో దిగి సంపాదించేది మహా అయితే 150 మైళ్ళు. దానికి బదులు శుక్రవారం రాత్రి ట్రైలర్‌ను ఇంటి ముందే సర్ది పెట్టుకుని శనివారం ఆరింటికి బయల్దేరితే అదే దూరం ఎనిమిదిన్నరకల్లా అయిపోతుంది. ఇంటి ముందు పెట్టుకోవడానికి హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) ఎన్ని గంటలు ఒప్పుకుంటుందో ముందే కనుక్కోండి.

రాత్రికి ఎక్కడ: ఉచితమైనది ఎప్పుడు మంచిది, ఎప్పుడు కాదు

దారిలో ఒక్క రాత్రి ఆగడం వేరు, వెళ్ళిన చోట మకాం వేయడం వేరు. దారి రాత్రికి మనకు కావాల్సింది హైవేకు దగ్గర, ముందుకే పోయి ముందుకే వచ్చే పుల్-త్రూ సైట్, కంటినిండా నిద్ర. మకాం రాత్రికి చెట్లు, నీడ, చూడ్డానికి ఏదైనా, పక్కవాళ్ళకు కాస్త దూరం. ఈ రెండిటినీ కలిపేస్తే డబ్బు దండగ, ఓపిక దండగ.

పుల్-త్రూ విలువ మొదటిసారి వెళ్ళేవాళ్ళకు తెలియదు. ట్రైలర్‌ను బండి నుంచి విప్పకుండానే రాత్రి గడపొచ్చు. పక్కవాటు సమం చేసుకుంటే చాలు. సాయంత్రం ముప్పావు గంట, మర్నాడు ఉదయం ముప్పావు గంట మిగులుతాయి. బుక్ చేసేటప్పుడు ట్రైలర్ పొడవు ఒక్కటే కాకుండా, బండితో కలిపి మొత్తం ఎంతో చెప్పి దానికి సరిపడే సైట్ అడగాలి. 25 అడుగుల ట్రైలర్, 19 అడుగుల ట్రక్కు కలిస్తే 44 అడుగులు.

ఇక వాల్‌మార్ట్. చాలా స్టోర్లు ఒక రాత్రి ఉండనిస్తాయి, కానీ నిర్ణయం ఆ స్టోర్ మేనేజర్‌ది, కొన్ని ఊళ్ళలో మున్సిపల్ నియమాలే ఒప్పుకోవు. మధ్యాహ్నమే ఫోన్ చేసి అడగాలి. ఒప్పుకున్నాక కూడా అది పార్కింగే. పక్కకు జరిగే స్లైడ్ గదులు తెరవడం, బయట కుర్చీలు వేయడం, స్టవ్ పెట్టి తాలింపు వేయడం మర్యాద కాదు. ఓ మూలన ఆపి, లోపల ఏదో ఒకటి కొని, పడుకుని, తెల్లారే వెళ్ళిపోవాలి. ఉచితమని అందరూ చెప్తారు గానీ అసలు ప్రశ్న కరెంటు. కరెంటు లేకపోతే ఏసీ లేదు, బ్యాటరీ దాన్ని లాగలేదు. జులైలో చిల్డ్రెస్, విచిటా ఫాల్స్ వైపు పగలు వంద డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు, రాత్రి పదింటికి కూడా ట్రైలర్ లోపల ఉడికిపోతుంది. ఆ రాత్రి పిల్లలకు నిద్ర ఉండదు, మర్నాడు నడిపేవాళ్ళకూ ఉండదు. 50 డాలర్లు మిగుల్చుకుని 290 మైళ్ళు నిద్రమత్తులో నడపడం ఏ లెక్కనా లాభం కాదు. అదే గ్యాలప్‌లో అయితే ఊరే 6,500 అడుగుల ఎత్తున ఉంది, ఎండాకాలంలోనూ రాత్రి చల్లబడుతుంది. అక్కడ ఇలాంటి ఉచిత చోటు దొరికితే హాయిగా పడుకోవచ్చు. ఏప్రిల్, అక్టోబరుల్లో టెక్సస్‌లో కూడా పరవాలేదు. అంటే ఉచిత రాత్రికి చోటు ఎంచాల్సింది వాతావరణం.

క్రాకర్ బ్యారెల్ రెస్టారెంట్లలో చాలావాటి వెనక పెద్ద బండ్లకు గీసిన చోట్లు ఉంటాయి, అడిగితే చాలాచోట్ల ఒక రాత్రి సరే అంటారు. సాయంత్రం గానీ ఉదయం గానీ అక్కడే తినడం న్యాయం. చోట్లు మాత్రం కొన్నే.

ట్రక్ స్టాపులు వేరే కథ. పెట్రోలుకు, మురుగు ట్యాంకు ఖాళీ చేసుకోవడానికి, స్నానానికి బాగుంటాయి. రాత్రి పడుకోవడానికి ట్రక్కుల వరసలో ట్రైలర్ పెట్టడం నాకు నచ్చదు. ట్రక్ డ్రైవర్లు చట్టప్రకారం 11 గంటలు నడిపాక పది గంటలు విశ్రాంతి తీసుకోవాల్సిందే. టైము అయిపోయాక చోటు దొరక్కపోతే వాళ్ళు ముందుకు నడపకూడదు, ఆగడానికి చోటుండదు. మనకు పది దారులున్నాయి, వాళ్ళకు లేవు. లవ్స్ లాంటి కొన్ని చోట్ల ఇప్పుడు ఆర్‌వీలకు విడిగా కరెంటు, నీళ్ళు ఉన్న సైట్లు డబ్బులకు ఇస్తున్నారు. అవి ఉంటే సరే. రెస్ట్ ఏరియాల్లో టెక్సస్ 24 గంటల దాకా ఆగనిస్తుంది, కాలిఫోర్నియాలో ఎనిమిది గంటలే. అలసట వచ్చినప్పుడు రెండు గంటలు కునుకు తీయడానికి వాటిని మించినవి లేవు, రాత్రి మకాంగా ప్లాన్‌లో రాసుకోవడానికి కాదు.

ప్రైవేటు ఆర్‌వీ పార్కుల్లో రాత్రికి సుమారు 45 నుంచి 80 డాలర్లు. 1962లో మోంటానాలోని బిల్లింగ్స్‌లో మొదలైన కేఓఏ అనే పార్కుల సంస్థ అందరికీ తెలిసిన పేరు. వాళ్ళ పార్కులు మూడు రకాలు: హైవే పక్కన ఒక రాత్రికి సరిపోయే జర్నీ, రెండు మూడు రోజులకు హాలిడే, అన్ని హంగులతో రిసార్ట్. దారి రాత్రులకు జర్నీ రకం చాలు. ఈత కొలను కోసం మిగతా రకాలకు ఎక్కువ ఇచ్చి, నాలుగింటికి చేరి, చీకటి పడ్డాక సామాను సర్దుకోవడంలో అర్థం లేదు. మన వంటల ఇళ్ళకు ఇంకో లాభం కరెంటు. అయితే 30 ఆంప్స్ కనెక్షన్ అంటే మొత్తం 3,600 వాట్లే. ఏసీ ఒక్కటే 1,500 దాకా తీసుకుంటుంది. దాని మీద మైక్రోవేవ్, ఎలక్ట్రిక్ కెటిల్ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోతుంది. రైస్ కుక్కర్ పెట్టినప్పుడు కెటిల్ ఆపుకుంటే చాలు. దారి రాత్రులకు అసలు వంట పెట్టుకోకపోవడం ఇంకా మేలు. మొదటి రెండు రోజులకు పులిహోర, చపాతీలు, పెరుగు ఇంటి నుంచే తెచ్చుకుంటే ఆగిన వెంటనే తినేసి పడుకోవచ్చు.

స్టేట్ పార్కులు అందంలో, ధరలో ముందుంటాయి. టెక్సస్‌లో కరెంటు, నీళ్ళు ఉన్న సైట్ చాలాచోట్ల 20 నుంచి 30 డాలర్ల మధ్య, దాని మీద పెద్దవాళ్ళకు తలా ప్రవేశ రుసుము. 12 ఏళ్ళు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకు అది లేదు. ఐదు నెలల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు, శుక్ర, శనివారాలు తొందరగా నిండిపోతాయి. లోటు ఏమిటంటే చాలా పార్కులు హైవేకు దూరం, పుల్-త్రూ తక్కువ. చిల్డ్రెస్‌కు ముందే క్వానా దగ్గర కాపర్ బ్రేక్స్ స్టేట్ పార్క్ ఉంది, హైవే నుంచి దక్షిణంగా పన్నెండు మైళ్ళు. ఆకాశం చీకటిగా ఉండి నక్షత్రాలు బాగా కనిపించే చోటుగా దానికి పేరు. ఒక్క రాత్రికైనా ఆ పన్నెండు మైళ్ళు వెళ్ళొచ్చంటాను. పాలో డ్యూరో అలా కాదు. అమరిల్లో నుంచి పాతిక మైళ్ళ పైన పక్కకు వెళ్ళాలి, కాన్యన్‌లోకి దిగే రోడ్డు వాలు 10 శాతం. రోజంతా నడిపిన అలసటతో ట్రైలర్‌తో ఆ వాలు దిగి, మర్నాడు ఉదయమే ఎక్కి రావడానికి ఒక్క రాత్రి చాలదు. రెండు రాత్రులు ఉండగలిగితే వెళ్ళండి, లేకపోతే అమరిల్లోలో ఐ-40 పక్కనే ఆగిపోండి. అరిజోనా వైపు విన్స్లో దగ్గర హోమోలోవి స్టేట్ పార్క్ ఫ్రీవేకు దగ్గర్లోనే ఉంటుంది, కరెంటు ఉంది. పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్క్‌లో క్యాంప్‌గ్రౌండ్ లేదు కాబట్టి దాన్ని చూడాలనుకునేవాళ్ళకు హోల్‌బ్రుక్ గానీ హోమోలోవి గానీ సరైన చోటు.

హార్వెస్ట్ హోస్ట్స్ అని సభ్యత్వం తీసుకుంటే పొలాల్లో, వైనరీల్లో ఒక రాత్రి ఉండనిస్తారు. సొంత టాయిలెట్, నీళ్ళ ట్యాంకు ఉన్న ట్రైలర్లకే. వాళ్ళ దగ్గర ఏదైనా కొనడం మర్యాద. కరెంటు సాధారణంగా ఉండదు. ఏడాదికి ఒకే ట్రిప్ వేసే ఇంటికి ఆ చందా గిట్టుబాటు కాదు. బీఎల్‌ఎం అనే ప్రభుత్వ శాఖ భూముల్లో, నేషనల్ ఫారెస్టుల్లో ఉచితంగా ఉండే అవకాశం ఉంది, చాలాచోట్ల 14 రోజుల దాకా. సౌత్ రిమ్ గేటు బయట టుసాయన్ ఊరి చుట్టూ కైబాబ్ ఫారెస్ట్‌లో అలా ఉండొచ్చు. మట్టి రోడ్లు, నీళ్ళు మనవే, చెత్త మనదే. మొదటి ట్రిప్‌కు, పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు వద్దు. అలవాటైనవాళ్ళకు మాత్రం అదొక వరం.

గడియారం, గాలి, మధ్యాహ్నం వాన

ఎండాకాలంలో అరిజోనా టెక్సస్ కంటే రెండు గంటలు వెనక ఉంటుంది. ఆ రాష్ట్రం గడియారం మార్చుకోదు, అందులోని నవాహో నేషన్ అనే ఆదివాసీ ప్రాంతం మాత్రం మార్చుకుంటుంది. వెళ్ళేటప్పుడు రెండు గంటలు కలిసొస్తాయి, తిరిగొచ్చేటప్పుడు అవే రెండు గంటలు పోతాయి. అందుకే తిరుగు ప్లాన్‌ను వెళ్ళిన ప్లాన్‌కు నకలుగా రాసుకోకండి. శాంటా రోసా నుంచి చిల్డ్రెస్ వచ్చే రోజు మూడింటికి చేరాలంటే అక్కడి టైము ప్రకారం ఉదయం ఏడింటికల్లా బయల్దేరాలి. అది నచ్చకపోతే ఆ రోజు అమరిల్లోలోనే ఆగండి, మిగిలిన 365ను రెండు ముక్కలు చేయండి.

టెక్సస్ పాన్‌హ్యాండిల్ (ఉత్తరాన అమరిల్లో వైపు ప్రాంతం), తూర్పు న్యూమెక్సికోల్లో మార్చి నుంచి మే దాకా గాలులు ఎక్కువ. ట్రైలర్ పక్క గోడ మొత్తం ఆ గాలికి అడ్డం. బరువులో 10 నుంచి 15 శాతం ముందు హిచ్ మీద పడేలా సామాను సర్దుకోవడం, ఊగకుండా ఆపే స్వే కంట్రోల్ ఉన్న హిచ్ వాడటం కొంత కాపాడతాయి. అయినా గాలి నిలకడగా గంటకు 25 మైళ్ళు దాటి, విసురు 40 అని చెప్పిన రోజు కదలకపోవడమే సరి. పొద్దున్నే గాలి తక్కువగా ఉంటుంది, ఆరింటికి బయల్దేరి పదకొండుకల్లా ఆగిపోవడం ఇంకో దారి. ప్లాన్‌లో ఒక రోజు ఖాళీగా ఉంచమని నేను పట్టుబట్టేది ఇందుకే. జులై నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఉత్తర అరిజోనాలో మధ్యాహ్నాలు ఉరుములతో వానలు. మూడింటిలోపు ఆగేవాళ్ళు ఆ వానను కిటికీలోంచి చూస్తారు. చలికాలంలో ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర మంచు, రోడ్డు మీద ఐస్ ఉంటాయి కాబట్టి మొదటి ట్రిప్ అప్పుడు పెట్టుకోకండి.

తూర్పు తీరంలో ఉండేవాళ్ళకు

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి వర్జీనియా షెనాండోవా వైపు వెళ్ళేవాళ్ళకు దూరం సుమారు 280 మైళ్ళే అయినా, అక్కడ మైళ్ళ లెక్క అసలు పనికిరాదు. ఐ-95 మీద బాల్టిమోర్, వాషింగ్టన్ చుట్టూ ట్రాఫిక్ ఎప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేం. పైగా బాల్టిమోర్‌లోని హార్బర్ టన్నెల్, ఫోర్ట్ మెక్‌హెన్రీ టన్నెల్ రెండిటిలోకీ ట్రైలర్లకుండే మామూలు ప్రొపేన్ సిలిండర్లతో వెళ్ళనివ్వరు. 2024 మార్చిలో కీ బ్రిడ్జి కూలిపోయాక తూర్పు వైపు దారి కూడా లేదు, ఐ-695 మీద పడమర వైపు చుట్టి రావాలి. దానికంటే ఐ-78 మీద హారిస్‌బర్గ్ వైపు వెళ్ళి ఐ-81 పట్టుకోవడం నయం. ట్రక్కులు ఎక్కువే, కానీ టన్నెళ్ళూ మహానగరాలూ లేవు. కనెటికట్‌లో మెరిట్ పార్క్‌వే లాంటి పాత పార్క్‌వేల మీద ట్రైలర్లు నిషిద్ధం, వంతెనలు కూడా తక్కువ ఎత్తు. మామూలు మ్యాప్‌కు మీ వెనక ట్రైలర్ ఉందని తెలియదు కాబట్టి ఆర్‌వీ కొలతలు అడిగే యాప్ ఒకటి వాడండి.

బుకింగ్ ఏ వరసలో

గమ్యం నుంచి వెనక్కి రండి. సౌత్ రిమ్‌లో పూర్తి హుక్అప్స్ (కరెంటు, నీళ్ళు, మురుగు కనెక్షన్లు) ఉన్నది ట్రైలర్ విలేజ్ ఒక్కటే, నెలల ముందే నిండిపోతుంది. పక్కనే ఉన్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో ఆరు నెలల ముందు తెరుస్తారు, అక్కడ హుక్అప్స్ లేవు, వాహనం పొడవుకు 30 అడుగుల పరిమితి ఉంది. మీ ట్రైలర్ దేనికి సరిపోతుందో చూసి ముందు ఆ తేదీలు ఖాయం చేసుకోండి. తర్వాత పాలో డ్యూరో లాంటి రెండు రాత్రుల మకాంలు. దారి రాత్రులు చివర్న, అవి కూడా ఒకటి రెండు రోజుల ముందు దాకా రద్దు చేసుకోగలిగే పార్కుల్లోనే. గాలి వల్ల ఒక రోజు ఆగిపోవాల్సి వస్తే మార్చాల్సినవి అవే. బుక్ చేసిన ప్రతి చోటుకూ హైవే వెంట ముప్పై, నలభై మైళ్ళు ముందే ఇంకో పార్క్ పేరు, ఫోన్ నంబరు రాసిపెట్టుకోండి. మధ్యాహ్నం రెండింటికి పిల్లలు ఏడుస్తున్నా, కళ్ళు మూతలు పడుతున్నా, ఆ నంబరుకు ఫోన్ చేసి అక్కడే ఆగిపోవచ్చు.